ఆసియా కప్ ఫుట్‌బాల్ (ఖతార్, 2024 జనవరి): ఈసారైనా గ్రూప్ దాటుతామా?

నీలిజెర్సీ · డిసెంబర్ 31
జట్టు దోహా బయల్దేరింది. 26 మంది జాబితా చూసినప్పటి నుంచి టెన్షన్ తగ్గట్లేదు. ఆఫీసులో ఈ విషయం ఎత్తితే "ఓహో, ఇండియా కూడా ఆడుతోందా?" అంటున్నారు. అందుకే ఇక్కడ మొదలుపెడుతున్నా.

గ్రూప్ బీలో మనతో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియా ఉన్నాయి. వాళ్ల ఫిఫా ర్యాంకులు వరుసగా 25, 68, 91. మనది 102. నలుగురిలో అడుగున ఉన్నాం, కాదనను. కానీ టోర్నీలో ఉన్నవి 24 జట్లు. ఆరు గ్రూపుల్లో మొదటి రెండేసి జట్లతోపాటు మూడో స్థానంలో నిలిచినవాటిలో నాలుగు కూడా నాకౌట్‌కి వెళ్తాయి. కాబట్టి ఆస్ట్రేలియా, ఉజ్బెక్‌ల చేతిలో ఓడినా సిరియా మీద గెలిస్తే చాలనేది నా లెక్క.

2023లో ఇంఫాల్ ట్రై నేషన్, భువనేశ్వర్‌లో ఇంటర్‌కాంటినెంటల్, బెంగళూరులో శాఫ్ (దక్షిణాసియా కప్పు) గెలిచాం. జులైలో ర్యాంకు 99కి వెళ్లింది. నవంబర్‌లో కువైట్‌ని కువైట్‌లోనే 1-0తో కొట్టాం. ఇంతకంటే మంచి ఊపుతో మన జట్టు ఆసియా కప్‌కి ఎప్పుడు వెళ్లింది? మీరేమంటారు, అవకాశం ఎంత?

ఆఫ్‌సైడ్‌ఆనంద్ · డిసెంబర్ 31
సున్నా.

ఆఫ్‌సైడ్‌ఆనంద్ · డిసెంబర్ 31
సరే, కొంచెం వివరంగా చెప్తా. నువ్వు చెప్పిన మూడు కప్పులూ సొంతగడ్డ మీద గెలిచినవే. విమానం ఎక్కాక ఏమైందో అదెందుకు రాయలేదు బ్రో? సెప్టెంబర్‌లో థాయ్‌లాండ్ కింగ్స్ కప్‌లో ఇరాక్ చేతిలో పెనాల్టీల్లో పోయాం, తర్వాత లెబనాన్ చేతిలో 0-1. అక్టోబర్‌లో మెర్డెకా టోర్నీలో మలేషియా 4-2తో బాదింది. భువనేశ్వర్ ఫైనల్లో మనం 2-0తో కొట్టింది ఈ లెబనాన్‌నే. మూడు నెలలు తిరక్కుండానే వాళ్ల మీద ఒక్క గోల్ కూడా వేయలేకపోయాం.

కువైట్‌లో గెలిచిన అయిదు రోజులకే భువనేశ్వర్‌లో ఖతార్ చేతిలో 0-3 పడింది. ఆ సంగతి కూడా మింగేశావు.

క్రికెట్టేముద్దు · డిసెంబర్ 31
ఇండియా కూడా ఆడుతోందా?

నీలిజెర్సీ · డిసెంబర్ 31
వచ్చాడండీ. ఈయన కోసమే చూస్తున్నా.

రెడ్‌కార్డ్‌రాణి · జనవరి 1
ఆనంద్ చెప్పిన స్వదేశం, విదేశం తేడా నిజమే. నా దిగులు మాత్రం వేరే. అన్వర్ అలీ, జీక్సన్ సింగ్, ఆషిక్ కురునియన్, ముగ్గురూ గాయాలతో ఇంట్లో ఉన్నారు. నిరుడు మార్చి నుంచి శాఫ్ దాకా వరుసగా 8 మ్యాచ్‌ల్లో మన నెట్‌లో బంతి పడలేదు. ఆ గోడకి ఒకవైపు జింగన్, రెండోవైపు అన్వర్. అన్వర్ బంతిని అడ్డుకోవడంతో ఆగడు. వెనక నుంచి నలభై గజాల పాస్ నేరుగా వింగర్ కాలికి అందిస్తాడు. అతని చోట ఆడే భేకే ఆ పని చేయలేడు. జీక్సన్ లేకపోతే డిఫెన్స్ ముందు నిలబడి దాడుల్ని తుడిచిపెట్టేవాడు కూడా లేనట్టే.

లాంగ్‌బాల్‌లక్ష్మణ్ · జనవరి 1
ఆ 8 మ్యాచ్‌ల తర్వాత మన నెట్‌లో పడ్డ మొదటి గోల్ కువైట్ మ్యాచ్‌లో. వేసింది ఎవరయ్యా అంటే అన్వర్ అలీయే, సెల్ఫ్ గోల్. మన గోడ బద్దలు కొట్టాలంటే మనవాడే కావాలి. ఆ లెక్కన ఇప్పుడు ఆ ప్రమాదం కూడా లేదు, సంతోషించండి.

రెడ్‌కార్డ్‌రాణి · జనవరి 1
నవ్వొచ్చింది గానీ లక్ష్మణ్, అసలు సమస్య అటువైపు నెట్. గోల్ వేసేదెవరు? కెప్టెన్ ఛేత్రికి 39 నిండాయి. 93 అంతర్జాతీయ గోల్స్ వేసిన మనిషి, దండం పెడతా. కానీ ఆయన తర్వాత తొమ్మిదో నంబర్, అంటే అసలు స్ట్రైకర్, ఎవరంటే ఈ వేదికలో ఇద్దరు ఒకే పేరు చెప్పరు.

మన దేశవాళీ లీగ్ ఐఎస్ఎల్‌లో క్లబ్బులు చేసే పని చూడండి. మైదానంలో నలుగురు విదేశీయులు ఆడొచ్చు. ఆ నలుగురిలో ఒకణ్ని తప్పకుండా ముందు నిలబెడతారు. 2022-23లో ఎక్కువ గోల్స్ వేసిన ముగ్గురూ, డియెగో మారిసియో, పెట్రాటోస్, క్లేటన్ సిల్వా, తలా 12తో సమంగా ఉన్నారు. ముగ్గురూ బయటివాళ్లే. మన ఛాంగ్తె, మన్వీర్, మహేశ్ మైదానం అంచుల్లో పరిగెత్తి వాళ్లకి బంతులు అందిస్తారు. ఆ తర్వాత ఏడాదికి నాలుగుసార్లు నీలం జెర్సీ తొడిగి, "ఇప్పుడు మీరే గోల్ ముందున్న పెట్టెలో నిలబడి గోల్ వేయండి" అంటే ఎలా వేస్తారు? పెట్టెలో సెంటర్ బ్యాక్ భుజం తగులుతుండగా అర సెకనులో తిరిగి కొట్టడం క్యాంపులో నేర్పేది కాదు. వారం వారం మ్యాచుల్లో రావాలి.

ఆఫ్‌సైడ్‌ఆనంద్ · జనవరి 1
ఇక్కడ మాత్రం రాణి గారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నా. తేదీ రాసి పెట్టుకోండి.

బేగంపేట్‌బ్యాక్ · జనవరి 2
మీరంతా 2023 దగ్గరే తిరుగుతున్నారు. కాస్త వెనక్కి రండి. ఆస్ట్రేలియా అంటే మీకు భయం. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ క్వార్టర్స్‌లో అదే ఆస్ట్రేలియాని వాళ్ల ఊళ్లోనే 4-2తో కొట్టాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియావాడు వేసిన మొదటి హ్యాట్రిక్ అది. ఆ జట్టుని తీర్చిదిద్దింది మన హైదరాబాదీ, కోచ్ రహీం సాబ్. మన సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం అందులో ఉన్నాడు. ఆరేళ్లకి జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1తో ఆసియా క్రీడల బంగారం.

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరుసగా అయిదు రోవర్స్ కప్పులు కొట్టుకొచ్చింది. మా నాన్న ఆ ఆటగాళ్ల గురించి చెప్తుంటే అన్నం చల్లారిపోయేది. రహీం సాబ్ కుడికాలివాడి చేత ఎడమకాలితోనే ఆడించేవారని, బంతి రెండుసార్లు తాకితే ఊరుకునేవారు కాదని చెప్పేవాడు. ఇప్పటివాళ్లు ఎడమకాలు బస్సెక్కడానికే వాడుతున్నారు.

క్రికెట్టేముద్దు · జనవరి 2
బాబాయ్, 1956లో మా తాతకి పెళ్లి కూడా కాలేదు.

బేగంపేట్‌బ్యాక్ · జనవరి 2
ఆయనకైనా ఆట తెలిసే ఉంటుంది. నీకే రాలేదు.

ఆఫ్‌సైడ్‌ఆనంద్ · జనవరి 2
బాబాయ్ మీద గౌరవంతోనే అంటున్నా. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం అని ప్రతిసారీ చెప్పుకుంటాం. అప్పుడు ఆడినవి నాలుగే జట్లు. ఆ తర్వాత 1984లో, 2011లో, 2019లో గ్రూప్ దాటలేదు. 2011లో ఇదే దోహాలో ఆస్ట్రేలియా 4, బహ్రెయిన్ 5, కొరియా 4 వేసి పంపించాయి. మూడు మ్యాచ్‌ల్లో మన మీద 13 గోల్స్. చరిత్ర కావాలంటే ఇదీ చరిత్రే.

నీలిజెర్సీ · జనవరి 2
2019లో ఎలా ఆడామో మర్చిపోయావు. అబుదాబిలో థాయ్‌లాండ్ మీద 4-1, ఛేత్రి రెండు. యూఏఈ చేతిలో ఓడాం. బహ్రెయిన్‌తో డ్రా చేసుకుంటే చాలు. 90 నిమిషాలు దాటాక పెట్టెలో ఒక్క ఫౌల్, పెనాల్టీ, అంతా అయిపోయింది. కోచ్ కాన్‌స్టాంటైన్ ఆ రాత్రే రాజీనామా చేశాడు. ఒక్క నిమిషం దూరంలో ఆగినవాళ్లని 2011తో కలపకు.

లాంగ్‌బాల్‌లక్ష్మణ్ · జనవరి 2
ఆ గ్రూప్‌లో ఇంకో దారుణం ఉంది. మనకి 3 పాయింట్లు, వేసిన గోల్స్‌కీ తిన్న గోల్స్‌కీ తేడా సున్నా. అయినా చివరి స్థానం, ఎందుకంటే థాయ్‌లాండ్, బహ్రెయిన్‌లకి నాలుగేసి వచ్చాయి. అదే టోర్నీలో వియత్నాం 3 పాయింట్లతో, గోల్స్ తేడా మైనస్ 1తో నాకౌట్‌కి వెళ్లింది. లెబనాన్‌తో అన్నీ సమానమైతే పసుపు కార్డులు తక్కువని వియత్నాంని పంపారు. అంటే 3 పాయింట్లు ఉంటే సరిపోదు, మూడో స్థానం కూడా ఉండాలి. నీలిజెర్సీ లెక్కలో ఈ ముక్క కలపాలి.

మూడోకీపర్ · జనవరి 3
అంత నిరాశ అక్కర్లేదు. 2019 సెప్టెంబర్‌లో దోహాలోనే ఖతార్‌తో 0-0 గుర్తుందా? అప్పుడు వాళ్లు ఆసియా చాంపియన్లు. ఛేత్రి జ్వరంతో ఆడనే లేదు. మన కీపర్ గుర్‌ప్రీత్ ఆ రోజు పట్టినవి ఎన్నిసార్లు చూశానో. స్టిమాచ్ కోచ్‌గా వచ్చిన కొత్తలో ఆ మ్యాచ్. ఒక రోజుకి గోడ కట్టడం ఈ జట్టుకి వచ్చు.

రెడ్‌కార్డ్‌రాణి · జనవరి 3
ఒక రోజుకి వచ్చు. పది రోజుల్లో మూడుసార్లు వచ్చా అనేదే ప్రశ్న. స్టిమాచ్ నాలుగు వారాల క్యాంప్ అడిగాడు. ఐఎస్ఎల్ డిసెంబర్ 29 దాకా నడిచింది. 13న మొదటి మ్యాచ్. కార్నర్లు, ఫ్రీకిక్‌ల డ్రిల్స్, ఎవరు ఎవర్ని పట్టాలి, ఇవన్నీ రెండు వారాల్లో. అటువైపు ఆస్ట్రేలియా డిఫెండర్ సౌటర్ ఎత్తు 198 సెంటీమీటర్లు. కార్నర్ కొడితే మనవాళ్లు ఎగిరేది అతని భుజం దాకా.

లాంగ్‌బాల్‌లక్ష్మణ్ · జనవరి 3
స్టిమాచ్ గురించి ఒక్క మాట. 1998 ప్రపంచ కప్‌లో మూడో స్థానం తెచ్చుకున్న క్రొయేషియాకి ఆడినవాడు, కాదనను. కానీ శాఫ్‌లో పాకిస్తాన్ మ్యాచ్‌లో వాళ్ల త్రో ఆపబోయి రెడ్ కార్డు, మళ్లీ కువైట్ మ్యాచ్‌లో రెడ్ కార్డు. మన జట్టులో ఎక్కువ దూకుడున్న ఆటగాడు టచ్‌లైన్ బయట ఉన్నాడు.

దోహాలోశీను · జనవరి 8
ఇక్కడ పనిచేస్తున్నా కాబట్టి చెప్తున్నా. మూడు మ్యాచ్‌లకీ టికెట్లు తీసుకున్నాం, మా రూమ్ మొత్తం. మొదటి రెండూ అహ్మద్ బిన్ అలీలో, మెట్రో గ్రీన్ లైన్‌లో అల్ రిఫా దిగితే స్టేడియమే. సిరియా మ్యాచ్ మాత్రం అల్ బైత్, అల్ ఖోర్‌లో. అక్కడికి మెట్రో లేదు, బస్సు పట్టాలి. వచ్చేవాళ్లు ముందే చూసుకోండి. మలయాళీ అన్నలు డప్పులు సిద్ధం చేసేశారు. తెలుగువాళ్లం ఈలలతో సరిపెట్టుకుంటాం.

నీలిజెర్సీ · జనవరి 12
రేపు సాయంత్రం 5కి. సంక్రాంతికి ఊరొచ్చాను, ఇక్కడ సిగ్నల్ మేడ మీదే దొరుకుతుంది. బంధువులంతా కింద, నేను పైన. అంచనాలు వేయండి. నాది 0-1.

ఆఫ్‌సైడ్‌ఆనంద్ · జనవరి 12
0-4.

బేగంపేట్‌బ్యాక్ · జనవరి 12
1-1. ఛేత్రి తలతో.

దోహాలోశీను · జనవరి 13
ఇప్పుడే బయటికొచ్చాం. గొంతు పోయింది. 0-2.

మొదటి సగం మాత్రం మాకు పండగే. 16వ నిమిషంలో పూజారి కుడివైపు నుంచి క్రాస్ వేశాడు, ఛేత్రి ముందుకి దూకి తల పెట్టాడు. మేం కూర్చున్న చోటి నుంచి లోపలికి వెళ్లినట్టే కనిపించింది, మా వరస మొత్తం లేచింది. పక్కకి పోయింది. ఇంకో సంగతి, రెఫరీ యమషిత యోషిమి, జపాన్ మేడం. పురుషుల ఆసియా కప్‌లో ఆడవాళ్లు మ్యాచ్ నడపడం ఇదే మొదటిసారి. ఆస్ట్రేలియావాళ్లు ఎంత అరిచినా ఆవిడ మొహంలో మార్పు లేదు.

ఆఫ్‌సైడ్‌ఆనంద్ · జనవరి 13
0-0తో విరామానికి వెళ్లగానే ఇక్కడ కొందరు సెమీఫైనల్ టికెట్లు వెతికారని వినికిడి.

మూడోకీపర్ · జనవరి 13
మొదటి గోల్‌కి అందరూ గుర్‌ప్రీత్‌ని తిడుతున్నారు. నేను చిన్నచిన్న టోర్నీల్లో గోల్‌లో నిలబడేవాణ్ని కాబట్టి ఒక మాట. క్రాస్ వేగంగా గోల్‌కి దగ్గరగా వస్తుంటే రెండే దారులు: పట్టుకోవాలి, లేదా టచ్‌లైన్ వైపు దూరంగా కొట్టాలి. పట్టేంత సమయం లేదు. చేయి పెట్టాడు గానీ బంతి పెట్టె మధ్యలోకే పోయింది, ఆస్ట్రేలియా అర్విన్ అక్కడే నిలబడి ఉన్నాడు. కీపర్ తప్పు లేదనను. కానీ 50వ నిమిషంలో అర్విన్ చుట్టూ రెండు గజాల్లో మనవాడు ఒక్కడూ లేడెందుకు? కీపర్ కొట్టాక తిరిగొచ్చే బంతి మీద అసలు ఎవరూ లేరు. రాణి గారు చెప్పిన జీక్సన్ లోటు అక్కడే కనిపించింది.

రెడ్‌కార్డ్‌రాణి · జనవరి 14
అవును. రెండో గోల్ కూడా చూడండి. ఆస్ట్రేలియా బోస్ మైదానంలోకి వచ్చీ రాగానే 73లో వేశాడు. మనవాళ్ల కాళ్లు అప్పటికే బరువెక్కాయి. అయినా 0-2 ఘోరం కాదు, గోల్స్ తేడా చేతిలోనే ఉంది. ఉజ్బెక్‌ల మీద తలుపులు వేసుకుని ఆడితే చాలు.

నీలిజెర్సీ · జనవరి 14
భోగి మంటలో ఆనంద్ 0-4 అంచనా వేసేశాను.

ఆఫ్‌సైడ్‌ఆనంద్ · జనవరి 18
0-3. అదీ మొదటి సగంలోనే. మంటలో ఇంకేమైనా వేస్తావా బ్రో?

రెడ్‌కార్డ్‌రాణి · జనవరి 18
4వ నిమిషంలో ఫైజుల్లాయెవ్, 18లో సెర్గెయెవ్, విరామానికి ముందు అదనపు సమయంలో నస్రుల్లాయెవ్. తలుపులు వేసుకోవాల్సిన మ్యాచ్‌లో ఎదురెళ్లి ఆడాం. ఆ ఫైజుల్లాయెవ్ నిరుడు అండర్-20 ఆసియా కప్ గెలిచిన ఉజ్బెక్ జట్టులోంచి వచ్చాడు. వాళ్లు కుర్రాళ్లని ఒక పద్ధతిగా పైకి తెస్తున్నారు, మనం 39 ఏళ్ల ఛేత్రి భుజాల మీద వేలాడుతున్నాం.

మూడోకీపర్ · జనవరి 18
రెండో సగంలో బాగానే ఆడాం కదండీ. రాహుల్ కేపీ కొట్టింది పోస్ట్‌కి తగిలింది.

ఆఫ్‌సైడ్‌ఆనంద్ · జనవరి 18
మూడు గోల్స్ ముందున్నవాడు ఊపిరి పీల్చుకుంటుంటే ఎవరైనా బాగానే ఆడతారు.

లాంగ్‌బాల్‌లక్ష్మణ్ · జనవరి 22
ఎవరైనా ఉన్నారా? లెక్క ఇంకా బతికే ఉంది. ఇవాళ్టితో గ్రూప్ ఏ అయిపోయింది. చైనా మూడో స్థానం, 2 పాయింట్లే, ఒక్క గోల్ కూడా వేయలేదు. రేపు సిరియాని కొడితే మనకి 3, వాళ్లకి 1. మూడో స్థానం మనదే, చైనా కంటే పైన. ఇంకొక్క గ్రూప్‌లో మూడోవాడు తడబడితే చాలు.

బేగంపేట్‌బ్యాక్ · జనవరి 22
సిరియా మనకి కొత్త కాదు. 2007, 2009 నెహ్రూ కప్ ఫైనల్స్ రెండిట్లోనూ వాళ్లనే ఓడించాం. రెండోసారి పెనాల్టీల్లో సుబ్రతా పాల్ నిలబెట్టాడు.

ఆఫ్‌సైడ్‌ఆనంద్ · జనవరి 22
ఇప్పుడు వాళ్ల కోచ్ హెక్టర్ కూపర్. వాలెన్సియాని రెండుసార్లు చాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి తీసుకెళ్లినవాడు. ఉజ్బెక్‌లతో 0-0, ఆస్ట్రేలియాతో 0-1. వాళ్ల మీద గోల్ వేయడమంటే బండరాయిలోంచి నీళ్లు పిండటమే. అసలు గోల్ వేసే అలవాటే లేని జట్టు మనది.

దోహాలోశీను · జనవరి 23
76వ నిమిషం. సిరియా ఖ్రిబిన్. 0-1.

అంతకుముందే జింగన్ గాయపడి బయటికి వెళ్లాడు. తిరుగు బస్సులో సిరియావాళ్లు పాటలు పాడుతున్నారు. వాళ్లు నాకౌట్‌కి వెళ్లడం ఇదే మొదటిసారట. మా పక్క సీటు సిరియా పెద్దాయన మాకు ఖర్జూరాలు పెట్టాడు. తిన్నాం.

క్రికెట్టేముద్దు · జనవరి 23
మూడు మ్యాచ్‌లు, సున్నా గోల్స్. ఈసారి నేనేం అనను. హైదరాబాద్‌లో ఇంగ్లాండ్‌తో టెస్ట్ ఎల్లుండి, వచ్చేయండి అందరూ.

లాంగ్‌బాల్‌లక్ష్మణ్ · జనవరి 26
గ్రూపులన్నీ అయ్యాయి కాబట్టి పట్టిక వేసుకుని చూశా. చూడకుండా ఉండాల్సింది. మూడో స్థానాల్లో జోర్డాన్, పాలస్తీనా, సిరియాలకి నాలుగేసి పాయింట్లు. ఇండోనేషియా 3, గోల్స్ తేడా మైనస్ 3, వాళ్లూ వెళ్లారు. చైనా, ఒమన్‌లకి రెండేసి, ఇంటికి. సిరియా మీద మనం 1-0తో గెలిచి ఉంటే 3 పాయింట్లు, మైనస్ 4. ఇండోనేషియా వెనక నాలుగో బెర్తు మనదే. అయిదు గోల్స్ తిన్న తర్వాత కూడా.

ఆఫ్‌సైడ్‌ఆనంద్ · జనవరి 26
అందుకే కదా రాణి గారు ఒకటో తారీఖునే చెప్పారు, సమస్య అటువైపు నెట్ అని. 270 నిమిషాల్లో ఒక్క గోల్ చాలు, అదే లేదు. సిరియాతో మ్యాచ్ 0-0గా ఉన్నప్పుడు 76 నిమిషాల పాటు మనం కీపర్‌ని ఎన్నిసార్లు ఇబ్బంది పెట్టాం?

నీలిజెర్సీ · జనవరి 26
లెక్క తప్పలేదు మరి. ఆస్ట్రేలియా, ఉజ్బెక్‌లతో ఓడినా సిరియా మీద గెలిస్తే చాలని మొదటి పోస్టులోనే రాశాను. గెలవలేదు, అంతే. మార్చిలో అఫ్గానిస్తాన్‌తో రెండు ప్రపంచ కప్ క్వాలిఫయర్లు ఉన్నాయి. అక్కడ ఛేత్రి పక్కన ఇంకో స్ట్రైకర్‌ని పెడతాడా లేదా అనేదే నాకు కావాల్సింది.

రెడ్‌కార్డ్‌రాణి · జనవరి 26
పెట్టడు. మన్వీర్‌ని మధ్యలోకి తెస్తాడు. దానికి ఇంకో చర్చ మొదలుపెట్టు, ఇది పొడుగైపోయింది.

ఆఫ్‌సైడ్‌ఆనంద్ · జనవరి 26
మొదలుపెట్టే ముందు చెప్పు, అంచనా సిద్ధంగా ఉంది.